కొండయు కడలియు: ప్రకృతి ఛాయాగ్రహణ శిబిరమును గూర్చి

మన విద్యార్థులలో కొందరు వచ్చు సెలవులలో ప్రకృతి ఛాయాగ్రహణ శిబిరమున చేరవలెనను కోరికను వెలిబుచ్చిరి. తల్లిదండ్రుల సమావేశమున మేమీ మాటను ప్రస్తావింపగా వెనుక వరుసనుండి ఒక తండ్రి లేచి, "సారూ, ఫోటోలు తీసుడు నేర్సుకునేటందుకు గంత దూరం పోవుడెందుకు? మన సుట్టూ అడివి లేదా?" అని యడిగెను. కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న మిక్కిలి సమంజసమైనది, దానికి తగిన సమాధానము ఆనాడు మా నోట రాలేదు. ఇప్పుడు వ్రాయుచున్నది ఆ సమాధానమే.

మాండవి చుట్టును టేకు, ఇప్ప, తునికి, మోదుగ చెట్లు గల అడవులున్నవి. ఫాల్గుణమున మోదుగ పూచినప్పుడు మన పిల్లలు ఆ పూలను ఉడికించి కాముని పున్నమికి రంగు చేయుదురు. ఏ పిట్ట ఏ చెట్టుపై గూడు కట్టునో, ఏ వాగు ఎప్పుడెండునో వారికి ఒకరు చెప్పనక్కర లేదు. ఇట్టి పిల్లలకు ప్రకృతిని చూపుటకు వేరొక చోటు కావలెనా? చూచుటకైతే అక్కరలేదు. కాని చూచినదానిని ఇతరులకు చూపవలెనన్నను, మనకు అలవాటు లేనిదానిని చూడ నేర్వవలెనన్నను ఒక గురువు, ఒక క్రొత్తచోటు కొంత మేలు చేయును. నిత్యము చూచు వస్తువు కంటికి ఆనదు. పరస్థలమున నాలుగు దినములుండి వచ్చినవానికి తన యూరి చెరువుగట్టే క్రొత్తగా కనబడుట మనమందరము ఎరిగినదే.

మొదట శిబిరమనగా నేమో చెప్పుదుము. పెండ్లి ఫోటోలు తీయు దుకాణమున నేర్చు విద్య వేరు, ఇది వేరు. పదిమందికి మించని చిన్న జట్టు, మూడు నాలుగు దినముల గడువు, ఒక మార్గదర్శి. ఆ మార్గదర్శికి ఆ స్థలము తన పెరటివలె తెలిసియుండవలెను. కెమెరా మాత్రమే తెలిసి స్థలము తెలియనివాడు మంచి ఉపాధ్యాయుడు కావచ్చును గాని మార్గదర్శి కాజాలడు. తెల్లవారకముందే అందరును బయలుదేరుదురు. ఎండ ముదిరిన వెనుక తిరిగివచ్చి, భోజనానంతరము ఎవరెవరు తీసిన చిత్రములను వారు అందరి యెదుట పెట్టుదురు. ఇది ఎందుకు బాగున్నది, అది ఎందుకు చెడినది అని చర్చ జరుగును. సాయంకాలము మరల బయటికి పోవుదురు. ఈ మధ్యాహ్నపు కూటమియే శిబిరమునకు ప్రాణమని మా అభిప్రాయము. చిత్రములు తీయుట ఒంటరిగాను నేర్వవచ్చును. తన తప్పును తాను గుర్తించుట మాత్రము నలుగురి నడుమనే అబ్బును.

ఇట్టి శిబిరములు ప్రపంచమున అనేక దేశములలో జరుగుచున్నవి. కొండయు సముద్రమును ఒకచోట కలిసిన తావులు వీనికి పేరుపొందినవి. అమెరికాలో మెయిన్ రాష్ట్రమున ఆకేడియా జాతీయోద్యానము అట్టిది. అందలి కాడిలాక్ శిఖరము 466 మీటర్ల ఎత్తున నిలిచి అట్లాంటిక్ సముద్రమును చూచుచుండును. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరముపై నిలిచిన టేబుల్ పర్వతము మరియొకటి. ఇట్టి చోట్ల ఒక్క దినములోనే అడవి, రాయి, ఇసుక, అల అను నాలుగింటిని చూడవచ్చును. నాలుగింటిపైనను వెలుతురు నాలుగు విధములుగా పడును. నేర్చుకొనువానికి ఇంతకంటె మంచి పాఠశాల లేదు.

అంతదూరము మనమెట్లు పోగలము? పోనక్కర లేదు. తెలుగుదేశముననే విశాఖపట్టణము కలదు. తూర్పు కనుమలు సముద్రమునకు ఇంచుమించు ఆనుకొని నిలిచిన చోటది. ఒకే ఉద్యానవనముగా కంచె వేయబడలేదు గాని, కంబాలకొండ అభయారణ్యము, దానికి ఉత్తరముగా భీమునిపట్టణపు దారిలో ఎర్రమట్టి దిబ్బలు, వాని ముంగిట బంగాళాఖాతము, ఇవి మూడును ఒక్క దినములో చూడదగినంత దగ్గరగా నున్నవి. మన పిల్లలకు అచ్చట మరియొక సదుపాయము గలదు. మార్గదర్శి చెప్పునది తెలుగులో వినవచ్చును. మన మండలమున కచేరీ పని, బజారు పని చాలవరకు మరాఠీలో జరుగును, పై చదువు మరాఠీలోనో ఇంగ్లీషులోనో సాగును. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు కినవట తాలూకా ఆదిలాబాదు జిల్లానుండి విడివడి నాందేడు జిల్లాలో చేరినది. అప్పటినుండి మన పిల్లలు బడిలో తెలుగు చదివి బయట దానిని మడిచిపెట్టుకొనుటకు అలవాటుపడిరి. ఒక విద్యను మొదటినుండి చివరివరకు తమ మాటలోనే నేర్చుకొను అవకాశము వారికి అరుదు.

మరియొక సంగతి. కినవట ప్రక్కగా పోవు పెన్‌గంగ వార్ధాలో కలియును. వార్ధా, వైన్‌గంగలు కూడి ప్రాణహిత యగును. ప్రాణహిత కాళేశ్వరము వద్ద గోదావరిలో కలిసి బంగాళాఖాతమును చేరును. మన యింటి కప్పునుండి జారిన వాననీరు చేరునది ఆ సముద్రమునకే. మన పిల్లలలో చాలమంది దానిని చూచియుండలేదు.

కంబాలకొండ అరణ్యము పూర్వము విజయనగర మహారాజుల అధీనమున నుండెను. 1970 ప్రాంతమున అటవీశాఖ చేతికి వచ్చి, 2002లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. వైశాల్యము సుమారు 71 చదరపు కిలోమీటర్లు. ఒక మహానగరము ప్రక్కనే చిరుతపులి తిరుగుచున్న అడవి యుండుట విశేషమే. కణుజు, అడవిపంది, నక్క, త్రాచు, రక్తపింజరి ఇచ్చట గలవు. అయితే శిబిరమునకు పోయినవానికి చిరుత కనబడునని ఎవ్వరును ఆశపెట్టరాదు. అట్లు ఆశపెట్టి డబ్బు గైకొను మార్గదర్శిని నమ్మరాదు. కనబడునవి పిట్టలు, సీతాకోకచిలుకలు, సాలెపురుగులు, బండలపైని నాచు. ప్రారంభించువానికి ఇవి చాలును, నిజమునకు ఇవియే తగినవి. ఈ కొండల రాతికి ఖోండలైటు అని పేరు. కనుమలలో నివసించు ఖోండు జాతివారి పేరుమీదుగా భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పేరు పెట్టిరి.

ఎర్రమట్టి దిబ్బలను సినిమాలలో చూచినవారు పెక్కురు. సుమారు ఐదు కిలోమీటర్ల పొడవున సముద్రతీరము వెంబడి ఎర్రని ఇసుక గుట్టలుగా పేరుకొని, వాననీటి కోతచే లోతైన గండ్లు పడి, లోపల నడచువానికి కోట సందులలో నడచుచున్నట్లు తోచును. ఇవి ఎట్లేర్పడెనో తెలిసికొనుట ఛాయాగ్రాహకునికి అవసరము. భూమి మిక్కిలి చల్లబడిన కాలములలో నీరు మంచుగా గడ్డకట్టి సముద్రమట్టము నేటికన్న నూరు మీటర్లకు పైగా దిగిపోయెను. అట్లు బయటపడిన ఇసుకను గాలి లోపలికి కొట్టి దిబ్బలుగా పేర్చెననియు, ఇసుకలోని ఇనుముగల ఖనిజములు గాలికిని వానకును మారి రేణువులపై త్రుప్పువంటి పూత పట్టెననియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. దక్షిణాసియా తీరములలో ఇట్టి ఎర్ర ఇసుక దిబ్బలు ఇచ్చటను, తమిళనాడులోను, శ్రీలంకలోను మాత్రమే కనబడుచున్నవి. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వీనిని జాతీయ భూవారసత్వ స్థలముగా ప్రకటించెను. 2025లో యునెస్కో వారి తాత్కాలిక జాబితాలో ఇవి చేరినవి. గాలి కట్టినదానిని వాన కోయుచున్నది, దానికి ఎవరును ఏమియు చేయజాలరు. కాని మనుష్యుడు అంచులపైకెక్కి ఫోటోకై నిలుచుటచేత విరిగిపడు భాగమును ఆపుట మన చేతిలోనిదే. గండి అడుగుననే నడువవలెను, అంచులపై కాలు మోపరాదు.

ఈ దిబ్బలను నడిమధ్యాహ్నమున తీసినచో చిత్రము ఎర్రని గోడవలె చప్పగా నుండును. నెత్తిపైనున్న సూర్యునికి నీడలు లేవు, నీడలు లేనిచో గండి లోతు తెలియదు. సూర్యోదయమైన గంటలోపల ఏటవాలు కిరణములు ప్రతి ముడుతను వేరు వేరుగా చూపును. విశాఖతీరము తూర్పు ఆగ్నేయములకు ముఖము చేసియున్నది గనుక ఉదయమున వెలుతురు సముద్రము మీదుగా వచ్చి కొండలపైని, దిబ్బలపైని పడును. సాయంకాలమున సూర్యుడు కొండల వెనుకకు పోవును. అప్పుడు కొండలు నల్లని ఆకారములగును. మాండవిలో మన బడి వెనుకనున్న గుట్టకు కూడ ఒక మంచి వేళ కలదు. అది ఏదియో మన పిల్లలలో ఎవరైన గమనించిరా? శిబిరమునుండి తిరిగివచ్చినవాడు మొదట అడుగుకొను ప్రశ్న అదియే కావలెను.

సముద్రపు ఒడ్డున గడియారముతోపాటు పోటును, ఆటును ఎరుగవలెను. నీరు పైకి వచ్చుట పోటు, వెనుకకు తగ్గుట ఆటు. చంద్రుని ఆకర్షణ ప్రధానముగాను, సూర్యుని ఆకర్షణ కొంతయు దీనికి కారణము. దినమునకు రెండు మారులు పోటు వచ్చును. ప్రతిదినము మునుపటి దినముకన్న సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వచ్చును. పున్నమకు, అమావాస్యకు ఎక్కువగా నుండును. విశాఖలో ఆ దినములందు నీటిమట్టము సుమారు మీటరున్నర మారును. ఆటు వేళ బండలమధ్య గుంటలలో నీరు నిలిచి, అందు చిన్న చేపలు, సముద్రపు పువ్వులు, పీతలు (మనవారు ఎండ్రికాయలందురు), నత్తలు, నక్షత్రపు చేపలు చిక్కియుండును. ఆ గుంటలోనికి చూచినచో మొదట కనబడునది ఆకాశపు ప్రతిబింబమే. ఒక నల్లగొడుగును గుంటపై పట్టినచో ఆ ప్రతిబింబము తొలగి లోపలి జీవులు స్పష్టముగా కనబడును. ఇంత చిన్న ఉపాయమునకై వేయి రూపాయల పరికరములు కొనువారున్నారు. గుంటలోని రాతిని తిరుగవేసినచో మరల ఎట్లుండెనో అట్లే పెట్టవలెను. రాతి క్రింది ప్రాణులు నీడలో బ్రతుకునవి, ఎండ తగిలినచో చచ్చును. సముద్రమునకు వీపు త్రిప్పి నిలుచుట, తడిసిన నాచుబండపై పరుగెత్తుట, మార్గదర్శి లేక నీటిలో దిగుట అను మూడును నిషిద్ధములు. విశాఖతీరమున లోనికి లాగు ప్రవాహములు ప్రతి సంవత్సరము ప్రాణములు తీసికొనుచున్నవి. ఈత వచ్చుననెడి ధైర్యము చెరువునకు చాలును, అచ్చట చాలదు.

కెమెరాను గూర్చి కొంచెము. కెమెరా యనగా చిన్న రంధ్రముగల చీకటిగది. రంధ్రము పెద్దదైనచో వెలుతురు ఎక్కువ వచ్చును, కాని దగ్గరి వస్తువు స్పష్టముగాను వెనుకటిది మసకగాను పడును. తలుపు ఎంతసేపు తెరచియుండునో అది రెండవది. ఎగురు పిట్ట రెక్కను నిలిపి చూపవలెనన్న సెకండులో వెయ్యవ వంతు తెరచి మూయవలెను. ఇస్లాపురము దాపున పెన్‌గంగపై గల సహస్రకుండ జలపాతమును తెల్లని పత్తివలె చూపవలెనన్న అర సెకండో, సెకండో తెరచియుంచవలెను, అప్పుడు కెమెరా కదలరాదు గనుక ముక్కాలిపీటపై నిలుపవలెను. మూడవది లోపలి పలక యెంత వెలుతురును గ్రహించునో తెలుపు ఐ.ఎస్.ఓ. సంఖ్య. చీకటిలో దీనిని పెంచినచో చిత్రమున ఇసుక చల్లినట్లు చుక్కలు పడును. ఈ మూడింటిలో ఒకదానిని మార్చినచో తక్కినవానిలో ఏదో యొకటి మార్చవలసివచ్చును. పాఠమంతయు ఇంతే, తక్కినది అభ్యాసము.

ఖరీదైన కెమెరా లేదని చింతింపవలదు. మొబైలు ఫోనుతోనే దిబ్బలను, గుంటలను, ఆకులను, పురుగులను చక్కగా తీయవచ్చును. దూరపు పిట్టకు మాత్రము అది చాలదు. చాలనప్పుడు పిట్టకు దగ్గరగా పోవుదమను కోరిక పుట్టును. కష్టమంతయు అచ్చటనే ప్రారంభమగును.

ఈ విద్యలో ప్రాణులకు హాని చేయకుండుట అన్నిటికన్న కష్టమైన పాఠము. ఇంగ్లండులో రిచర్డు, చెర్రీ కెర్టన్ అను సోదరులు 1892లో పిట్టగూటిని గ్రుడ్లతో సహా మొదటిసారి ఛాయాచిత్రముగా తీసిరి. తరువాత వారు పిట్టలు బెదరకుండుటకై ఎద్దు చర్మముతో బోలుగా ఒక బొమ్మ చేయించి, దానిలో దూరి, పొలములో నిలిచి చిత్రములు తీసిరి. వినుటకు హాస్యముగా నుండును గాని అందులోని వివేకము గొప్పది. పిట్ట తన పనిలో తానుండవలెను, మనము లేనట్లుండవలెను. మనదేశమున 1920 ప్రాంతములలో అటవీశాఖలో పనిచేసిన ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ అను ఇంగ్లీషువాడు తుపాకి మాని, పులి నడచు దారిలో తీగ కట్టి, అది తగిలినప్పుడు కెమెరా తానే పనిచేయునట్లు అమర్చెను. ఆయన పుస్తకము 1927లో వెలువడెను. మనకు పొరుగున తెలంగాణములోనున్న కవ్వాల పులుల అరణ్యము వంటి చోట్ల నేడు చెట్లకు కట్టియుంచు కెమెరాలు ఆ యుక్తికి సంతానమే. ప్రతి పులి చారలును వేరు వేరుగా నుండును గనుక ఆ చిత్రములతో పులులను లెక్కింపగలరు. చెన్నపట్టణమున ఎం. కృష్ణన్ అను ప్రకృతివేత్త స్వయముగా కూర్చుకొన్న కెమెరాతో కాలినడకన తిరిగి, రంగులు లేకయే ఏనుగుల చిత్రములు తీసి ప్రసిద్ధి చెందెను. ఆయనకు పద్మశ్రీ లభించెను.

ఈ పెద్దలమాట అట్లుండనిచ్చి, మేము చేసిన పొరపాటు నొకటి చెప్పవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట రేగుపొదలో ఒక పిగిలిపిట్ట గూడు మాకంటబడెను. లోపల మూడు పిల్లలు. నీడగా నున్నదని ఒక కొమ్మను ప్రక్కకు వంచి త్రాడుతో కట్టి, చిత్రము తీసి, మరల త్రాడు విప్పితిమి. చిత్రము చక్కగా వచ్చినది. మూడవనాడు పోయి చూడగా గూడు ఖాళీగా నుండెను. కాకి పనియో, పాము పనియో తెలియదు. వంచిన కొమ్మ తిరిగి తన చోటికి పూర్తిగా రాలేదనియు, గూడు దారినపోవువారికి సైతము కనబడుచుండెననియు మాత్రము తెలిసినది. ఆ చిత్రమును చూచి పలువురు మెచ్చుకొనిరి. మేము దానిని ఈ పత్రికలో ఎన్నడును ప్రకటింపలేదు, ఇకపై ప్రకటింపము.

అందుచే మంచి మార్గదర్శి ఏ చిత్రము తీయవలెనో చెప్పుటకన్న ఏది తీయరాదో ఎక్కువ పర్యాయములు చెప్పును. విశాఖతీరమున చలికాలపు చివర ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రివేళ ఒడ్డుకు వచ్చి ఇసుకలో గుంట త్రవ్వి సుమారు నూరు గ్రుడ్లు పెట్టి పోవును. అటవీశాఖవారు, స్వచ్ఛంద సేవకులు ఆ గ్రుడ్లను ఏరి కంచెలో భద్రపరచుదురు. నెలన్నర రెండు నెలల మధ్య పిల్లలు పొదిగి బయటికి వచ్చును. అవి వెలుతురు ఎక్కువగా నున్న దిక్కునకు ప్రాకును. ప్రకృతిలో ఆ దిక్కు సముద్రమే, ఏలన చీకటి రాత్రియందు సైతము నీటిమీది ఆకాశము నేలకన్న తేటగా నుండును. ఒడ్డున వీధిదీపమో, ఫోటో తీయువాని మెరుపుదీపమో వెలిగినచో ఆ పిల్లలు దారితప్పి రోడ్డువైపు పోవును. అరచేతిలో ఇముడు ఆ ప్రాణికి ఆ నాలుగడుగుల తప్పుదారియే మరణము కావచ్చును. కావున అచ్చట రాత్రి దీపము వెలిగింపరాదు, ఫోను తెర సైతము వెలిగింపరాదు. ఇది మర్యాద మాత్రమే కాదు. ఆ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున మొదటి పట్టికలోని జీవి. అభయారణ్యములలో ప్రవేశించుటకును, చిత్రములు తీయుటకును అదే చట్టము ప్రకారము అటవీశాఖవారి అనుమతి యుండవలెను. శిబిరము నడపువారు ఆ అనుమతిని తీసికొనిరా లేదా అని తల్లిదండ్రులు ముందుగా అడుగవలెను. అడుగుటకు సంకోచపడవలదు.

చిత్రముతోపాటు వ్రాత యుండవలెనను నియమము మేమే పెట్టదలచితిమి. తేది, వేళ, స్థలము, ఎంత దూరమునుండి తీసితిమి, ఆ ప్రాణి ఏమి చేయుచుండెను, పేరేమి? పేరు తెలుగులో వ్రాయవలెను, మరాఠీలోను వ్రాయవలెను. మోదుగ పళస్, ఇప్ప మోహ, టేకు సాగ్. మన పిల్లలకు ఈ రెండు పేర్లును తెలియును, తమకిది ఒక విద్యయని మాత్రము తెలియదు. తండాలలోను, గోండు గూడెములలోను స్నేహితులున్నవారు మూడవ పేరును అడిగి వ్రాసికొనవచ్చును. ఇందేమి ప్రయోజనమని అడుగువారికి కడప జిల్లాలో జరిగినది చెప్పుదుము. జెర్డన్ అను వైద్యుడు కనుగొనగా 1848లో శాస్త్రగ్రంథములకెక్కిన ఒక పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడక, లోకమునుండి అంతరించెనని పండితులు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వెదకుచుండగా అచ్చటి వేటగాడొకడు రాత్రి దీపపు వెలుతురులో ఆ పక్షిని పట్టియిచ్చెను. కలివిపొదలలో తిరుగునది గనుక అచ్చటివారు దానిని కలివికోడి యని పిలుచుచుండిరి. పుస్తకములు చచ్చినదన్న పక్షికి ఆ పల్లెలలో పేరు బ్రతికియున్నది. పట్టుబడిన పక్షి మాత్రము బ్రతుకలేదు. ఈ కథలోని రెండు భాగములును మన పిల్లలు గుర్తుంచుకొనవలెను.

ఇక తల్లిదండ్రులకు కొన్ని మాటలు. వ్యయము కొంత యగును, దానిని దాచుట మంచిది కాదు. రైలు, బస, భోజనము, శిబిరపు రుసుము వేరువేరుగా వ్రాయించి తీసికొనుడు. కెమెరా కొని పంపవలెనని ఎవరైన చెప్పినచో వినవలదు. ఇంటిలోని ఫోను చాలును, అది లేనివారికి జట్టులోని వారిదే చేతులు మారును. బాలికలను పంపుటకు కొందరు వెనుదీయుదురని మాకు తెలియును. జట్టుతో ఒక ఉపాధ్యాయిని పోనిచో మేమును పంపము. పాదము మూయు చెప్పులు, పూర్తి చేతుల చొక్కా, మంచినీటి సీసా, టోపీ, ఒక నోటుపుస్తకము, పెన్సిలు ఉండవలెను. కలము వలదు, సముద్రపు తేమకు అక్షరములు అలుకుకొనిపోవును. ఎర్రని, తెల్లని బట్టలకన్న ఆకుపచ్చ, మట్టిరంగు బట్టలు మేలు. సముద్రపు ఉప్పుగాలి ఫోనునకు శత్రువు గనుక రాత్రి మెత్తని గుడ్డతో తుడువవలెను.

ఆ తండ్రి ప్రశ్నకు తిరిగి వచ్చెదము. మన చుట్టును అడవి లేదా? ఉన్నది. కావుననే శిబిరమునకు పేరు ఇచ్చుటకు ముందు ప్రతి విద్యార్థియు మాండవిలోనే రెండు నెలలు పనిచేయవలెనని నిశ్చయించితిమి. తన యింటికి దగ్గరనున్న ఒక చెట్టును ఎన్నుకొని ప్రతి ఆదివారము ఒకే చోట నిలిచి, ఒకే వేళకు దానిని తీయవలెను. మరి పది ప్రాణులను గూర్చి పైన చెప్పిన రీతిగా వ్రాయవలెను. గూళ్ళు తీయరాదు. ఆ పుస్తకమును, తల్లియు తండ్రియు చేవ్రాలు చేసిన అనుమతి పత్రమును తరగతి ఉపాధ్యాయునికి అందజేయవలెను. ఆ పుస్తకములను చూచియే జట్టును ఎన్నుకొందుము, ఫోటోల అందమును చూచి కాదు.

ఇంతవరకు మాకు ఒక్క పుస్తకము మాత్రమే చేరినది. ఎనిమిదవ తరగతి బాలిక వ్రాసినది. మొదటి పుటలో నిట్లున్నది: "పాలపిట్ట. మరాఠీలో నీలపంఖ్. పత్తిచేను మీద కరెంటు తీగపై కూర్చున్నది. ఉదయము 7 గంటల 10 నిమిషములు. నలుబది అడుగుల దూరమునుండి తీసితిని. ఇంకొక అడుగు వేసినచో లేచిపోవునని తోచి ఆగితిని. బొమ్మ మసకగా వచ్చినది."